తల్లిని చూపించండి

ఉదయం ఏడూ నలభైకి పక్కింటివాళ్లు గచ్చు కడిగారు. ఆ ఫినాయిల్ వాసనకు, కాకినాడలో కుక్కపిల్లలమ్మే ఆయన వరండా గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. తెల్లపిల్ల ఒకటి నా ఒళ్లో నిద్రపోయింది. నాన్న మాత్రం "తల్లిని చూపించండి" అని పట్టుబట్టారు.

"అది మా ఊళ్లో ఉందండి."

"పాలు మానని పిల్లల్ని వదిలేసి, ఒక్కతే బస్సెక్కిందాండి?"

ఆయన లోపలి నుంచి ఓ కుక్కను తెచ్చాడు. నాన్న వంగి దాని పొట్ట చూశారు. "ఇది పాలిచ్చిన కుక్క కాదండి," అంటూ లేచారు.

నాన్నకు కుక్కలంటే ఇష్టం లేక వంకలు పెడుతున్నారనుకున్నాను. బస్సులో మా ఊరు తుని వచ్చేదాకా కిటికీవైపే తిరిగి కూర్చున్నాను.

మరుసటి నెల అన్నవరంలో ఒక టీచరుగారింటికి వెళ్లాం. తల్లికుక్క మామీద గుర్రుమంది. ఆవిడా తక్కువ తినలేదు. "పగలు ఇంట్లో ఎవరుంటారండి? మేడమీద కట్టేస్తారా ఏంటి?" అని నిలదీశారు. ఇక ఇవ్వరనుకున్నాను.

నాన్న నా చెవిలో, "మనల్నే అనుమానిస్తున్నారు. ఇక్కడే తీసుకుందాం," అన్నారు.

నాన్న నిరుడు పోయారు. నిన్న మా అమ్మాయి ఫోన్లో కుక్కపిల్ల ఫొటో చూపించింది. అమ్మేవాళ్లు ఇంటికే తెచ్చిస్తారట. తల్లి ఎక్కడుందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేను కూడా.