బదులు నిలబడినవాడు

ఆస్పత్రుల బట్టలు ఉతికే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా దుప్పట్లు మడతపెడుతున్న ఆ మనిషిని అందరూ దుప్పట్లాయన అనే పిలిచేవారు. వేడి రోలరులోంచి పొగలు కక్కుతూ వచ్చే దుప్పటిని అందుకుని నాలుగు మడతలు వేసి బల్ల మీద పడేసేసరికి, పక్కవాడు ఇంకా కొసలు వెతుక్కుంటూ ఉండేవాడు. చేతులు అంత నేర్చాయి. నోరు మాత్రం ఏమీ నేర్వలేదు. ఆ దేశపు భాషలో అతనికి పొద్దుటి పలకరింపు, క్షమాపణ, దుప్పటి, దిండు గలీబు, నెత్తుటి మరక, ఇంతే వచ్చు. మిగతా మాటలన్నీ తమ్ముడి నోట్లో ఉండేవి.

తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. చదువుకోవడానికని వచ్చి, కాలేజీ మూతపడి, వీసా గడువు దాటి, అన్నయ్య హాల్లో సోఫా మీద స్థిరపడ్డాడు. కాగితాల్లేవు కాబట్టి కూరగాయల గోదాంలో బస్తాలు మోసేవాడు. భాష మాత్రం అక్కడే పుట్టినవాడిలా దంచేవాడు. డాక్టరు దగ్గరికైనా, ఇంటి యజమాని దగ్గరికైనా, పాప బడికైనా ఇద్దరూ కలిసే వెళ్లేవారు. అన్నయ్య తల ఊపేవాడు, తమ్ముడు మాట్లాడేవాడు.

ఫ్యాక్టరీలో మనవాళ్లకో ఆనవాయితీ ఉంది. రెండు వారాలకు మించి సెలవు పెడితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఎవరైనా సొంతూరు వెళ్తే, వాళ్ల హాజరు కార్డు గీసి ఇంకొకరు పని చేస్తారు. బదులు నిలబడటం అంటారు దాన్ని. తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. బయటికి కనిపించేవి రెండు కళ్లు. ఆ కళ్లు ఎవరివో చూసేంత ఖాళీ అక్కడ ఎవడికుంది? సూపర్‌వైజరుకు తెలుసు. బండి నిండితే చాలు, అతనికి ఏ చేతులైనా ఒకటే.

నాలుగేళ్ల కిందట దుప్పట్లాయన తన పెళ్లికని సొంతూరు వెళ్లి నలభై రెండు రోజులు ఉండిపోతే, తమ్ముడే బదులు నిలబడ్డాడు. ఎంత బాగా నిలబడ్డాడంటే, ఆ ఏడాది చివర ఫ్యాక్టరీవాళ్లు దుప్పట్లాయన పేరున ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఏడాది పొడుగునా ఒక్క రోజు కూడా సెలవు పెట్టని కార్మికుడట!

“అయితే పెళ్లిపీటల మీద కూర్చున్నదెవరన్నయ్యా?” అన్నాడు తమ్ముడు. “వదినా, తాళి కట్టించుకునేటప్పుడు మొహం సరిగ్గా చూసుకున్నావా?”

కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు ముగ్గురూ. వదిన దానికి అద్దం కట్టించి గోడకు తగిలించింది.

పదేళ్లు నిండితే శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చు. అది వస్తే పెళ్లాం బిడ్డలకు కూడా భయం ఉండదు. రాకపోతే, ఉన్న వీసాకు ఇంకో ఎనిమిది నెలలే ఆయుష్షు. దుప్పట్లాయన ప్లీడరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన నిజం ప్లీడరు కాదు. కిరాణా కొట్టు వెనక గదిలో నల్లకోటు వేసుకుని కూర్చుని, మనవాళ్ల ఫారాలు నింపేవాడు. “మంచి నడవడికకు రుజువులు పెట్టండి, ఎన్నుంటే అంత మంచిది,” అన్నాడు.

గోడ మీద ఉన్న రుజువు కంటే గొప్పది ఇంకేముంటుంది? వదిన దించింది. తమ్ముడు చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, అద్దం ఊడదీసి, కాగితాన్ని తన చేత్తోనే ఫైల్లో పెట్టాడు. “ఇది చూశారంటే వాళ్లు లేచి నిలబడి దండం పెడతారన్నయ్యా,” అన్నాడు. ముగ్గురు పెద్దమనుషులున్న ఇల్లది. ముగ్గురిలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

ఆఫీసులో అధికారిణి మర్యాదస్తురాలు. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది, దుబాసీని ఫోన్లో పెట్టించింది. తర్వాత పాస్‌పోర్టు ఒక పక్క, ప్రశంసాపత్రం ఇంకో పక్క పెట్టి రెండిటి మీదా వేలితో తట్టింది.

“ఈ నలభై రెండు రోజులు మీరు దేశంలో లేరని ఇందులో ఉంది. ఒక్క రోజు కూడా పని మానలేదని ఇందులో ఉంది. వీటిలో ఏది అబద్ధం?” అంది ఫోన్లోని గొంతు తెలుగులో, ఎవరికీ చుట్టం కాని తెలుగులో.

రాతపూర్వకంగా జవాబివ్వడానికి పద్నాలుగు రోజులు గడువిచ్చారు.

తమ్ముడు రోడ్డుకు అవతల బస్టాపులో ఉన్నాడు. ఆ గుమ్మం తొక్కే ధైర్యం వాడికి లేదు. “ఏమన్నారన్నయ్యా?”

“ఏదో కాగితం తక్కువైందంట.”

“ఏ కాగితం? చెప్పు, నేను రాసిపెడతా.”

“నువ్వొద్దులే.”

ప్లీడరు సంగతంతా విని నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించాడు. “కార్డు నేనే ఇచ్చానన్నావా, నివాసం మాట దేవుడెరుగు, ఉన్న వీసా కూడా పీకేస్తారు. నీకు తెలీకుండా మీ తమ్ముడే దాన్ని కాజేశాడనుకో, నువ్వు మోసపోయినవాడివి. తిరిగొచ్చాక తెలిసింది, సొంతవాడని నోరు మూసుకున్నాను అని రాద్దాం.”

“పేరు రాయకుండా కుదరదా?”

“పేరు లేని దొంగని ఎవడు నమ్ముతాడయ్యా?”

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆమె పాప నీళ్ల సీసా కడుగుతోంది.

“రాయకపోతే?” అంది.

“ముగ్గురం పోవాలి.”

“రాస్తే?”

“వాడొక్కడే.”

ఆమె సీసాను రెండోసారి కడిగింది. “అతనికి ఎలాగూ కాగితాల్లేవు కదండీ. ఇవాళ కాకపోతే రేపైనా పట్టుకునేవాళ్లే,” అంది.

ఆ మాటకోసమే ఎదురుచూస్తున్నవాడిలా దుప్పట్లాయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాడే సంతకం పెట్టాడు.

అప్పట్నుంచి తమ్ముడి కంచంలో కూర ఎక్కువ పడసాగింది.

“ఏంటొదినా, మర్యాదలు ముదిరాయి? సంబంధమేమైనా చూశావా ఏంటి నాకు?”

“తినవయ్యా, మాటలాపి,” అంది వదిన, వాడి మొహం చూడకుండా.

తొమ్మిదో రోజు పొద్దున్న ఏడింటికి తలుపు కొట్టారు. పరుగున వెళ్లి పాప గొళ్లెం తీసేసింది. గుమ్మంలో ఒక ఆడమనిషి, ఒక పొడుగాటి మగమనిషి. మెడలో గుర్తింపు కార్డులు.

తమ్ముడు అప్పుడు వంటింట్లో ఉన్నాడు. వంటింటి తలుపు వెనక మెట్ల మీదికి తెరుచుకుంటుంది. పది అడుగులేస్తే వీధిలో ఉండేవాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. కానీ అన్నయ్య దరఖాస్తు గురించి ఇల్లు తనిఖీకి వచ్చారనుకున్నాడు. అన్నయ్యకు మాట రాదు, వాళ్లడిగిన ప్రతిదానికీ తల ఊపి కొంప ముంచుకుంటాడనుకున్నాడు. చెప్పులు విడిచి హాల్లోకి వచ్చాడు. నవ్వుతూ కూర్చోమన్నాడు. అడక్కుండానే కాఫీ పెట్టిచ్చాడు. ఆ పైన, మా అన్నయ్యలాంటి మనిషి ఈ వీధి మొత్తంలో లేడని గడగడా చెప్పుకొచ్చాడు.

పొడుగాటాయన వాడి పేరడిగాడు. చెప్పాడు. ఆయన చేతిలో కాగితం చూసుకుని, దుప్పట్లాయన వైపు తిరిగి ఏదో అడిగాడు.

దుప్పట్లాయన అలవాటు కొద్దీ తమ్ముడి వైపు చూశాడు.

తమ్ముడు కూడా అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. “ఏమంటున్నాడంటే అన్నయ్యా, నీ కార్డుని నీకు తెలీకుండా...” అక్కడ ఆగాడు. వదిన పాపని చంకనేసుకుని లోపలికి వెళ్లిపోయింది. లోపల గది తలుపు మూసుకున్న చప్పుడైంది. వాడు మిగతాది కూడా చెప్పాడు. “నీ కార్డుని నీకు తెలీకుండా దొంగిలించింది ఇతనేనా అని అడుగుతున్నాడు.”

దుప్పట్లాయన లుంగీ కొస సవరించుకున్నాడు.

“అవునని చెప్పు.”

తమ్ముడు వాళ్ల వైపు తిరిగి చెప్పాడు. తప్పు లేకుండా, తడబాటు లేకుండా, చక్కటి ఉచ్చారణతో. ఆడమనిషి రాసుకుంది. ఇంకేమైనా చెప్పాల్సి ఉందా అని దుప్పట్లాయన్ని అడిగింది. దాన్ని కూడా వాడే తెలుగులో అడిగాడు. ఏమీ లేదన్నాడు దుప్పట్లాయన.

నివాసపు కార్డు మూడో నెలలో వచ్చింది. దాంతోపాటు నాలుగు పేజీల ఉత్తరం కూడా ఉంది. మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. అందులో ఏముందో చదివి చెప్పే మనిషి ఆ ఇంట్లో లేడు.