మంచు దారిలో ఎదురొచ్చినావిడ

పిల్లలూ, ఫోన్‌లో చెబితే నవ్వేస్తారని ఇది రాస్తున్నాను. దెయ్యాలను మీ నానమ్మ ఏనాడూ నమ్మలేదు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. మార్చురీ పక్క గదిలో కూర్చుని అన్నం తిన్న రోజులున్నాయి. ఏదీ కనిపించలేదు, ఏదీ వినిపించలేదు.

ఎదురు మాత్రం నమ్మేదాన్ని. భర్త పోయినావిడ ఎదురొస్తే వెళ్ళిన పని చెడుతుందంటారు కదా. మీ తాతయ్య పోయాక ఈ ఆరేళ్ళూ, ఎవరు బయల్దేరుతున్నా పక్కకు తప్పుకునేదాన్ని. తప్పుకోమని నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ రౌస్ హిల్‌లో మీ వాణి అత్త ఆఫీసుకు బయల్దేరే వేళకి, పని ఉన్నా లేకపోయినా బాత్రూంలో దూరేదాన్ని.

పోయిన జులైలో, అంటే ఈ దేశంలో నడి చలికాలం, అత్త నన్ను మంచు కొండలకి తీసుకెళ్ళింది. కారులో ఆరు గంటలు, రాత్రి అక్కడే ఉన్నాం. అక్కడ స్నోషూలు అద్దెకిస్తారు. చిన్న పీటల్లా ఉంటాయి. బూట్ల కింద కట్టుకుంటే కాలు మంచులో దిగబడదు. కాళ్ళు ఎడంగా వేస్తూ బాతులా నడిచాను.

"సూపర్ అమ్మా! నాకన్నా ఫాస్ట్‌గా వెళ్తున్నావ్ నువ్వు," అని మీ అత్త ఒకటే నవ్వు.

మర్నాడు పదకొండు గంటలప్పుడు తిరిగి కిందకి దిగుతుంటే పొగమంచు పట్టింది. దారి తప్పకుండా వరసగా పాతిన కర్రల్లో రెండో మూడో కనిపిస్తున్నాయి, అంతే. వాణి స్నోషూ పట్టీ ఊడింది. "నెక్స్ట్ పోల్ దగ్గర ఆగమ్మా, కట్టుకుని వచ్చేస్తా," అంది. సరేనని నేను ముందుకెళ్ళాను.

అప్పుడు కింద నుంచి ఒకావిడ పైకి వస్తూ కనిపించింది. మన దేశపు ఆవిడే. నీలం జాకెట్టు, తలకి మఫ్లరు, నుదుట బొట్టు. అప్పుడే నడక మొదలుపెట్టినట్టుంది. పాపం, బయల్దేరగానే నేనా ఎదురు, అనిపించింది. దారి దిగి ఒక చెట్టు కిందకు వెళ్ళి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాను. కొమ్మల నిండా మంచు గడ్డకట్టి ఉంది.

ఆవిడ ఆగింది. "అదేంటమ్మా, అక్కడ నిలబడ్డారు? ఇలా రండి."

"మీరెళ్ళండమ్మా, నేను తర్వాత వస్తాను," అన్నాను.

"మీరు ఎదురొస్తేనే వెళ్తాను నేను. రండి, రండి," అని చెయ్యి చాపింది.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ వైపు ఆరేడు అడుగులు వేశాను.

వెనక ఫెళ్ళుమంది. నేను నిలబడ్డ చోటే ఇంత లావు కొమ్మ విరిగి పడి ఉంది. ఇటు తిరిగేసరికి ఆవిడ లేదు.

వాణి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. కాసేపయ్యాక అడిగింది: "మీరెళ్ళండమ్మా అంటున్నావ్, ఎవరితో?" నా గొంతు ఒక్కటే విందట.

ఇద్దరం చూశాం. నా అడుగులున్నాయి. ఆవిడ వచ్చిన వైపు మంచు మీద ఒక్క గుర్తు లేదు. ఆవిడ కాళ్ళకి స్నోషూలు కూడా లేవని నాకు అప్పుడు తట్టింది. మామూలు బూట్లతో అక్కడ నడిస్తే మోకాలి దాకా దిగబడాలి.

చలికి షుగర్ తగ్గి అలా అనిపించి ఉంటుందంటుంది వాణి. అయ్యుండొచ్చు. షుగర్ పడిపోయినవాళ్ళకి మనుషులు కనబడడం వార్డులో నేనూ చూశాను. కానీ వాళ్ళకి కనబడేది వాళ్ళ బుర్రలో ఉన్నదే. మీరు ఎదురొస్తేనే వెళ్తానన్న మాట నా బుర్రలో ఎక్కడిది? ఆరేళ్ళలో ఎవరి నోటా నేనది వినలేదు, నాకు నేనూ చెప్పుకోలేదు.

ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆవిడ ఎవరో, ఏ పని మీద వెళ్తోందో తెలీదు. నేనైతే ఎదురొచ్చాను. ఆ పని అయ్యే ఉంటుందిలే అనుకుంటాను.