చదవకుండా సంతకం

అంబులెన్స్ ఆఫీసులో అందరూ ఆవిడను ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల చాదస్తం మేడమ్ అనీ పిలిచేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. పట్టించుకునేది కాదు. ఆ ఆఫీసు ప్రోగ్రామును రాసిందీ, ఇరవై రెండేళ్లుగా పసిబిడ్డలా కాచుకుంటూ వచ్చిందీ ఆవిడే. అద్దాల గోడకు అవతల హాల్లో ఎనిమిది మంది ఆపరేటర్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. ఫోను మోగుతుంది. ఎవరో వణుకుతున్న గొంతుతో చిరునామా చెబుతారు. ఆపరేటర్ టైపు చేస్తే, ఏ బండి దగ్గర్లో ఉందో ప్రోగ్రాము చూపిస్తుంది. వినడానికి ఇంతే. లోపలున్న మెలికలు మాత్రం ఆవిడకే తెలుసు. ప్రతి మెలిక పక్కనా అది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో, ఏ తేదీన ఏం జరిగాక పెట్టిందో రాసుకునేది.

ఒక గురువారం ఉదయం కొత్త ఆఫీసరు ఆవిడ బల్ల దగ్గరికే వచ్చాడు. వచ్చి మూడు నెలలే అయింది. మంచి చొక్కాలు వేసుకుంటాడు, నవ్వుతూ మాట్లాడతాడు.

"మేడమ్, మన ప్రోగ్రాము పాతబడిపోయింది కదా. ఏఐతో కొత్తది రాయించాం. మూడు వారాల్లో అయిపోయింది. చూసినట్టు మీరు ఒక సంతకం పెడితే సోమవారం మొదలుపెట్టేద్దాం."

"ఎన్ని లైన్లు?"

"పదకొండు వేలు."

"ఎవరు చదివారు?"

"టెస్టులన్నీ పాసయ్యాయి మేడమ్."

"టెస్టులు ఎవరు రాశారు?"

"అదే రాసింది."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. "అంటే పరీక్ష రాసిందీ, పేపరు దిద్దిందీ, మార్కులు వేసుకుందీ అదే. నేను మాత్రం ఫస్ట్ క్లాసని సంతకం పెట్టాలి. చదివాకే పెడతాను."

"సోమవారానికల్లా చదివేయండి మరి," అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు ఆవిడకు ఒళ్లు ఇంకా మండింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భర్త టీవీ ముందు ఉన్నాడు. భూగోళం మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాక లోకం సంగతులన్నీ తన బాధ్యతే అన్నట్టు కూర్చుని చూస్తుంటాడు. తెరమీద నాలుగు గళ్లలో నలుగురు అరుచుకుంటున్నారు. ఏఐ వల్ల ఇంకో ఐదేళ్లలో ఎవరూ పని చేయక్కర్లేదని ఒకాయన, ఎవరికీ పని దొరకదని ఇంకొకాయన. ఆవిడ చెప్పులైనా విప్పకుండా రిమోట్ అందుకుని టీవీ కట్టేసింది.

"అదేమిటి, దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకోవద్దా?" అన్నాడాయన.

"ఆ నలుగురిలో ఒక్కడైనా ఒక్క లైను కోడ్ చూసిన మొహమేనా? దేశం సంగతి తర్వాత. రేపు మీకు గుండె నొప్పి వస్తే బండి వస్తుందో రాదో చెప్పేది ఎవరూ చదవని ప్రోగ్రామట. ముందు అది తెలుసుకోండి."

ఆయన అసంకల్పితంగా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

శుక్రవారమంతా ఆఫీసులో చదివింది. శని, ఆదివారాలు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని చదివింది. కూతురు పక్కన చేరింది. పిల్ల కొత్తగా ఉద్యోగంలో చేరి మొబైల్ ఆటలు తయారుచేస్తుంది.

"అమ్మా, నేనూ ఏఐతోనే రాయిస్తాను. అదేం పాపం కాదు," అంది.

"రాయించాక ఏం చేస్తావు?"

"చదువుతాను. నచ్చకపోతే తిట్టి మళ్లీ రాయిస్తాను."

"మరి నీతో నాకు తగువేముందే? కూర్చో. మూడు వేలవ లైను నుంచి నువ్వు చూడు."

కోడ్ అందంగా ఉంది. దానికే ఆవిడకు మరీ చిర్రెత్తుకొచ్చింది. ఎక్కడా వంకర లేదు. ప్రతి భాగం పైనా అదేం చేస్తుందో ముచ్చటగా రాసి ఉంది. ఎందుకు చేస్తుందో మాత్రం ఒక్క చోటా లేదు. తిట్టడానికి ఎవరి చేతిరాతా కనబడటం లేదు.

ప్రతి ఆదివారం ఆవిడ ఒక పత్రికకు గళ్లనుడికట్టు కూర్చి పంపేది. పద్నాలుగేళ్ల అలవాటు. ఆ ఆదివారం మధ్యాహ్నం పత్రిక నుంచి సబ్ ఎడిటర్ ఫోను చేసి, ఇంకా అందలేదేమని మెల్లగా అడిగాడు. "ఈ వారం గళ్లన్నీ నల్లగా అచ్చేసుకోండి," అని పెట్టేసింది. పెట్టేశాక పాపం అనిపించింది కానీ మళ్లీ ఫోను చేసే ఓపిక లేదు.

నాలుగు కావస్తుండగా కూతురు తెర మీద వేలు పెట్టింది. "అమ్మా, ఇది చూడు. ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లో రెండోసారి ఫోను వస్తే పాత ఫోనులోనే కలిపేస్తోంది. ఆపరేటర్‌ని అడగటం లేదు."

ఆవిడ చేతిలో టీ గ్లాసు కింద పెట్టింది. తొమ్మిదేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో సరిగ్గా ఇదే జరిగింది. గేటు దగ్గర ఒకటే ఫోను. ఒకే గంటలో రెండు షెడ్లలో రెండు ప్రమాదాలు. రెండో ఫోనూ మొదటి ప్రమాదం గురించేననుకుని రెండో బండి పంపలేదు. మర్నాడు ఆ రెండో మనిషి భార్య వచ్చి ఈ ఆఫీసులో గోడకు ఆనుకుని నిలబడింది. అరవలేదు, ఏడవలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. ఆ సాయంత్రమే ఆవిడ ప్రోగ్రాములో ఒక ప్రశ్న చేర్చింది: ఇది అదే మనిషి గురించా, వేరే మనిషి గురించా? కొత్త ప్రోగ్రాముకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పనిది అదెలా రాస్తుంది?

వెంటనే ఆఫీసరుకు ఫోను చేసింది. అవతల పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"చిన్న విషయమే కదా మేడమ్. చెబితే అదే సరిచేసేస్తుంది. ఇంట్లో చుట్టాలున్నారు. రేపు మాట్లాడుకుందాం."

"రేపు సరే. సరిచేసేదాకా మొదలుపెట్టకూడదు."

"అలాగే, అలాగే," అన్నాడు.

సోమవారం ఉదయం హాల్లోకి అడుగుపెట్టగానే ఆవిడకు తెలిసిపోయింది. మూలనున్న రెండు బల్లల మీద తెరల రంగు వేరుగా ఉంది. శనివారం పొద్దుటి నుంచి ప్రయోగం పేరుతో నడుపుతున్నారట. సంతకం తర్వాత పెట్టించుకోవచ్చని చెప్పారట. అక్కడ ఒక బల్ల దగ్గరున్న ఆపరేటర్ తల దించుకుని చెప్పింది.

"కలిపేసిన ఫోన్లన్నీ తీసి ఇవ్వు," అంది ఆవిడ.

పదకొండు ఉన్నాయి. తొమ్మిది నిజంగానే అదే మనిషి గురించి చేసినవి. పదోదాంట్లో ఫోను చేసినవాళ్లే బండి అక్కర్లేదన్నారు. పదకొండోది ఒక వర్కింగ్ విమెన్ హాస్టల్ ఆఫీసు నుంచి వచ్చింది. ఆదివారం సాయంత్రం ఆరు నలభైకి మెట్ల మీద ఒకమ్మాయి జారి చెయ్యి విరిగిందని మొదటి ఫోను. ఎనిమిది నిమిషాలకు వంటాయన కుప్పకూలాడని రెండో ఫోను. వచ్చిన బండి అమ్మాయిని ఎక్కించుకుని వెళ్లిపోయింది. వంటాయన కోసం ఇంకో బండి వస్తుందిలే అని బండివాళ్లు చెప్పారు. రాలేదు. ఏడు గంటల అయిదు నిమిషాలకు మూడోసారి ఫోను చేస్తే అప్పుడు బయల్దేరింది.

ఆవిడే ఆ నంబరుకు ఫోను చేసింది. వార్డెన్ చెప్పింది, వంటాయన బతికే ఉన్నాడని, ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయని, మాట ముద్దగా వస్తోందని.

ఆవిడ హాల్లోకి వెళ్లి ఆ రెండు బల్లల మధ్య నిలబడింది. "దీన్ని ఆపి పాతది పెట్టండి. ఎవరు అడిగినా నేను చెప్పానని చెప్పండి." ఎన్నడూ ఒక్కమాట మీద నిలబడని ఆపరేటర్లు ఆరోజు మారు మాట్లాడకుండా మార్చేశారు.

ఆఫీసరు విసురుగా వచ్చాడు. "ఎవరి పర్మిషన్‌తో ఆపారు?"

"ఎవరి పర్మిషన్‌తో మొదలుపెట్టారు?" ఆవిడ హాస్టల్ ఫోన్ల వివరాలున్న కాగితం అతని చేతిలో పెట్టింది. అతను చదివాడు. గొంతు తగ్గించి, "ముందు ఈ సంగతి ఎవరి చెవినా వేయకండి. మనం మనం చూసుకుందాం," అన్నాడు.

"నిన్న నాలుగింటికి మీకు చెప్పాను. ఆరు నలభై ఎనిమిదికి ఆ మనిషి పడిపోయాడు. మధ్యలో రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. ఒక్క ఫోను చేసి ఆపమని ఉంటే సరిపోయేది. మీరు చుట్టాలకు టీలు ఇచ్చారు. ఇంక మనం మనం చూసుకునేదేముంది?"

విచారణ జరిగింది. పైనుంచి ముగ్గురు వచ్చారు, నాలుగు రోజులు కాగితాలు తిరగేశారు, రెండు పేజీల రిపోర్టు ఇచ్చారు. అందులో కారణం దగ్గర "సాంకేతిక లోపం" అని రాశారు. ఆ రెండు మాటల కింద ఆవిడ ఎర్ర గీత గీసింది. లోపం తనంతట తానే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుందా? చదవకుండా తెచ్చిన మనిషి లేడా, తొందరపెట్టిన మనిషి లేడా? ఆ రాత్రంతా మనసులో తిట్టుకుని, తెల్లారాక మూడు పేజీల ఉత్తరం రాసి అంబులెన్స్ బోర్డుకు పంపింది. మూడు వారాలైనా జవాబు లేదు. మళ్లీ పంపింది. చివరికి ఒక ఆర్డరు వచ్చింది, మనుషులు పూర్తిగా చదవకుండా ఏ ప్రోగ్రామూ మొదలుపెట్టకూడదని. అదే వారం ఆఫీసరును ఇంకా పెద్ద ఆఫీసుకు బదిలీ చేశారు. వెళ్లేరోజు కేకు కోశారు. ఆవిడ తన గది తలుపు వేసుకుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లింది. వంటాయన నిద్రపోతున్నాడు. పక్కనే స్టూలు మీద ఆయన అక్క కూర్చుని ఉంది. అంబులెన్స్ ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే ఆమె ముఖం గట్టిపడింది.

"ఇప్పుడొచ్చారా? ఇరవై ఏళ్లు గరిటె పట్టిన చెయ్యమ్మా అది. ఎడంచేతి వాటం మా తమ్ముడిది. మిషన్ తప్పని అన్నారు మీవాళ్లు. మిషన్‌ని పట్టుకుని నేనేం అడగను?"

"మిషన్ తప్పు కాదండీ. దాన్ని ఎవరూ చదవకుండా పెట్టారు. పెట్టింది మనుషులు."

"అయితే ఆ మనుషులకు పేర్లుంటాయిగా. చెప్పండి."

ఆవిడ బ్యాగులోంచి కాగితం తీసి ఆస్పత్రి మంచం అంచున పెట్టుకుని రాసింది. ఆఫీసరు పేరు, ప్రయోగానికి అనుమతి ఇచ్చిన పైవాళ్లిద్దరి పేర్లు. కింద తన పేరు కూడా రాసింది.

"ఇదెవరు?" అంది అక్క.

"నేనే. ఆ ఆదివారం రేపు చూద్దామంటే సరేనన్నాను. అప్పుడే ఆఫీసుకు పరుగెత్తాల్సింది."

అక్క ఊరడించలేదు, తిట్టనూ లేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, "లాయరుకు ఇస్తాను. పిలిస్తే వచ్చి చెబుతారా?" అని అడిగింది.

"వస్తాను. ఆఫీసరు కొత్త అడ్రసు కూడా రాసిస్తాను, ఇటివ్వండి," అంది ఆవిడ.