గాలి యంత్రం మీద నేనిచ్చిన అర్జీ

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నలుగురిలో నిలబడి, అధికారి అడిగితే చెప్పిన ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఊరి మురుగంతా ఏటిలో కలిసే ముందు ఒక శుద్ధి కేంద్రంలోకి వెళుతుంది. ఆ ఏరు పులికాట్ సరస్సులోకి పోతుంది. మా ఇల్లు ఆ కేంద్రం గోడ పక్కనే. తొట్లలోకి గాలి కొట్టే యంత్రం రాత్రింబవళ్లు మోగేది. నిద్ర పట్టేది కాదు. అర్జీలు పెట్టాను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ నన్ను నిద్రపోనివ్వనిది నిజంగా ఆ శబ్దమేనా?

అక్కడ ఆపరేటరు శీనయ్య. ఒకరోజు టీ బంకు దగ్గర నన్ను చూసి, "జరగండి, అర్జీల సార్ వచ్చినాడు. టీలో చక్కెర తగ్గితే కలెక్టరుకి రాసేస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లెవరో ఈరోజుకీ పేరుపేరునా చెప్పగలను.

తర్వాత అతనే నన్ను కేంద్రం లోపలికి పిలిచాడు. గాజు జాడీలో తొట్టి నీళ్లు పట్టి చూపించాడు. గోధుమరంగు మడ్డి మెల్లగా అడుక్కి దిగింది. పైన నీళ్లు తేటపడ్డాయి.

"మురుగుని తినేది ఈ మడ్డిలో ఉండే పురుగులేన్నా. కంటికి కనపడవు. వాటికి గాలి కావాల. యంత్రం ఆపితే చచ్చిపోతాయి. మళ్లీ పెంచాలంటే నెలలు పడతాది. అందాకా పచ్చి మురుగే ఏట్లోకి పోతాది."

"నాకు పాఠాలు చెప్పబాకు" అన్నాను.

"పాఠం కాదన్నా. బతిమాలతా ఉండా."

నాకు మాత్రం ఆ టీ బంకు నవ్వే వినపడింది. ఆ వచ్చే సోమవారమే కలెక్టరాఫీసు గ్రీవెన్సులో మళ్లీ అర్జీ ఇచ్చాను. ఈసారి వీధి వీధంతా సంతకాలు చేశారు. యంత్రం ఆపితే ఏమవుతుందో వాళ్లెవరికీ చెప్పలేదు. గడువులోగా అర్జీని మూసెయ్యాలి కాబట్టి, రాత్రిపూట యంత్రం ఆపమని పైవాళ్లు శీనయ్యకు నోటిమాటగా చెప్పారు. నా ఫోనుకు సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది. ఆ వారమంతా హాయిగా నిద్రపోయాను. అదీ ఒప్పుకోవాలి కదా.

కొన్ని వారాలకు మడ్డి నల్లబడింది. గోడ దాటి కుళ్లు వాసన వచ్చింది. ఏటి మీద నురగ కట్టింది. ఆ నురగలో చేపలు వెల్లకిలా తేలాయి. దిగువన వలలు వేసుకుని బతికేవాళ్లు వచ్చి గేటు ముందు కూర్చున్నారు. వాళ్ల పక్కనే, వాళ్లకు జరిగిన అన్యాయం నాకూ జరిగినట్టు, నేనూ నిలబడ్డాను.

విచారణకు వచ్చిన అధికారి శీనయ్యను నిలదీశాడు. ఆపమన్నారని చూపడానికి అతని దగ్గర కాగితం లేదు. ఆపితే ఏమవుతుందో అర్జీ పెట్టినాయనకు ముందే చెప్పానన్నాడు. అధికారి నా వైపు తిరిగాడు.

"మాకెవురూ చెప్పలేదు సార్" అన్నాను.

శీనయ్య నా ముఖంలోకి చూశాడు. ఆ వారమే అతని ఉద్యోగం పోయింది. నాయుడుపేటలో ఎక్కడో వాచ్‌మన్‌గా ఉన్నాడని విన్నాను. గంట దూరం. వెళ్లలేదు. ఎగతాళి చేస్తాడనా? చేయకుండా, కూర్చోమని కుర్చీ వేస్తాడేమోనని.

యంత్రాన్ని మళ్లీ తిప్పుతున్నారు. చేపలు కొన్ని వచ్చాయి. పీతలు ఇంకా రాలేదు. వస్తాయో రావో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఒక్కోసారి కరెంటు పోయి గోడ అవతల అంతా నిశ్శబ్దమైపోతుంది. చేతిలో పని వదిలేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.

శీనయ్య నాకు చెప్పాడు. నేను తెలిసే ఆపించాను. ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టడానికి ఇంతకాలం పట్టింది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఇప్పుడు ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే కాదు.