గ్రైండర్‌కి రెండు వైర్లు చాలన్నాను

నిన్న మా రైల్వే ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లో ఎవరికి కరెంటు కొట్టిందో చెప్తాను. ముందు ఆ టీ మింగేయండి, లేకపోతే పొలమారుతుంది. నాకే! బోగీల్లో లైట్లు, ఫ్యాన్లు బాగుచేసే ఎలక్ట్రికల్ ఫిట్టర్‌కి!

న్యూ సెటిల్‌మెంట్ కాలనీ గుడికి ఈరోజు గారెలు మేమే ఇస్తామని మా అత్త మాటిచ్చేసింది. పప్పు నానిపోయింది. గ్రైండర్ వరండాలో పెడదామంటే వైరు చాల్లేదు.

"మిస్త్రీని పిలుద్దామేటే?" అంది అత్త.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇంట్లో నన్నెట్టుకుని మిస్త్రీ ఏటత్తా!"

వైరు కోసినాను. లోపల మూడున్నాయి. నేను అతకబోయే ముక్కలో రెండే. ఐతే ఏటి? మా బోగీల్లో నూట పది వోల్టుల డీసీ, రెండు వైర్లే. అక్కడ బాడీకి వైరు తగిలిందంటే ఫాల్టు కింద లెక్క, వెతికి మరీ తీసేస్తాం. ఆ అలవాటు మీదే మిగిలిన పచ్చ ఎర్తు వైరుని మడిచి టేపు చుట్టేసినాను. స్విచ్ వేస్తే గ్రైండర్ గిర్రున తిరిగింది! మొదటి వాయి పిండి గిన్నెలోకి తీసి వెనక పెట్టినాను.

"ఒలమ్మో, ఇది కరుస్తోందే!" అని అత్త తడి చెయ్యి వెనక్కి లాక్కుంది.

నేను ముట్టుకున్నాను. ఏమీ లేదు. "చెయ్యి తిమ్మిరెక్కినట్టుందత్తా."

అత్త నా కాళ్ళకేసి చూసింది. "ఆ రబ్బరు సెప్పులిప్పి ముట్టు సూద్దాం."

ఇప్పినాను. ముట్టినాను. అంతే! ఎగిరి వెనకున్న పిండి గిన్నెలో కూచున్నాను!

ఇంకొకరైతే కంగారులో వచ్చి నన్ను పట్టుకునేవారు. మా అత్త ముందు స్విచ్ కట్టేసింది, తర్వాతే నా దగ్గరికొచ్చింది. ఎంత బుర్రండీ ఆవిడది! నేను లేవకముందే ప్లగ్గు పీకి చూపించింది.

"ఈ మూడో కాలు ఒట్టిదే ఐతే, అన్నిటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకెట్టినారే?"

అప్పుడు గుర్తొచ్చింది. వోల్టేజీల్లో నూట పది డీసీ చిన్న తరగతి. ఇంట్లో రెండొందల ముప్పై, పై తరగతి. ఇక్కడ ఇలాంటి స్టీలు బాడీకి పచ్చ వైరు ఉండి తీరాలి. లోపల కరెంటు లీకైతే మన ఒంట్లోంచి కాకుండా ఆ వైరులోంచి నేలలోకి పోవాలని. ఈ పాఠం చదివి పరీక్ష కూడా పాసైనాను! నిజంగా, ఆ రూలు పెట్టినోళ్ళకి దండం పెట్టాలి. అత్తకి రెండు దండాలు.

మూడు వైర్ల ముక్క తెచ్చి సరిగ్గా బిగించినాను. నేను కూచున్న పిండి పారబోసి, మిగిలిన పప్పు రుబ్బి, ఈరోజు తెల్లారగానే గుడికి గారెలు పంపేసినాం.

అంతలోనే పక్కింటి బెంగాలీ దీదీ వచ్చింది. వాళ్ళ టేబుల్ ఫ్యాన్ తిరగట్లేదట, నన్ను ఒకసారి పంపమంది. అత్త ఆవిడ చేతిలో గారెలు పెడుతూ చల్లగా చెప్పింది.

"పంపుతాను దీదీ. మా కోడలు పనిలో గట్టిది. ముందు నువ్వా ఫ్యాన్ని తీసుకెళ్ళి బోగీలో పెట్టు."