వదిన మానేసిన మాత్ర

బర్మింగ్‌హామ్‌లో మేమంతా ఆంటీ అని పిలిచే పెద్దావిడ ఇంట్లో సత్యనారాయణ వ్రతమంటే మా తెలుగువాళ్ళు సగం మంది అక్కడే ఉంటారు. ఆ ఆదివారం నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. హాల్లో కథ చదువుతున్నారు. మా వదిన మాత్రం కనబడలేదు. వెతుక్కుంటూ పోతే ఇంటి వెనక అద్దాల గదిలో, ఆరవేసిన బట్టల స్టాండు పక్కన, పేపర్ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావు వదినా?"

"బయట చేరానే అమ్మాయ్. మళ్ళీ మొదలైంది. ఆంటీ ఇక్కడ కూర్చోమన్నారు," అంది నవ్వుతూ.

నా గుండె గుభేలుమంది. వదినకు బహిష్టులు ఆగిపోయి రెండేళ్ళవుతోంది. మళ్ళీ మొదలవడమేమిటి? ఇంతలో ఒకావిడ వచ్చి, రెండడుగుల దూరం నుంచి పులిహోర ప్లేటులోకి జారవిడిచి, "నీకు వయసు తిరిగొచ్చిందే!" అని కిసుక్కున నవ్వి వెళ్ళిపోయింది. ఛీ! ఆ ఇంట్లో అంతమంది ఆడవాళ్ళున్నారు, చదువుకున్నవాళ్ళు, ఆఫీసుల్లో టీములు నడిపేవాళ్ళు. ఈ వయసులో నెత్తురెందుకు కనబడిందని అడిగిన మనిషి లేదు. ఎవర్ని ముట్టుకుందో అన్నదే వాళ్ళ బెంగ.

కిందటేడు వదినను జీపీ దగ్గరికి, అంటే మా పేట డాక్టరమ్మ దగ్గరికి, తీసుకెళ్ళింది నేనే. అప్పటికి ఆమె అవస్థ చూడలేకపోయాను. జనవరి చలిలో కిటికీ తీసుకుని కూర్చునేది. ఆఫీసు బాత్రూములో చెమటకు తడిసిన జాకెట్టు మార్చుకుని మీటింగుకి పరిగెత్తేది. నిద్ర లేక, చెప్పబోయే మాట నోట్లోనే మరిచిపోయి, ఉద్యోగం మానేస్తానని ఏడ్చేది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. తొడమీద అంటించుకునే హార్మోన్ పట్టీతో ఆవిర్లు తగ్గుతాయి, నిద్ర పడుతుంది, ఎముకలకూ మంచిది. గర్భసంచి ఉంది కాబట్టి రోజూ పడుకునే ముందు ఇంకో హార్మోన్ మాత్ర కూడా వేసుకోవాలి, లేకపోతే పట్టీ ఒక్కటే గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది, అది కాన్సర్‌కి దారి తీయొచ్చు. రెండూ కలిపి వాడితే రొమ్ము కాన్సర్ ముప్పు కొంచెం పెరుగుతుందనీ దాచకుండా చెప్పింది. వదిన అన్నీ విని, ఆలోచించుకుని, సరేనంది. నెల తిరిగేసరికి మనిషి మళ్ళీ మనిషయింది.

"మాత్ర వేసుకుంటున్నావా?" అని అడిగాను.

వదిన ప్లేటువైపు చూసింది. "అది వేసుకుంటే పొద్దున్నే మత్తుగా ఉంటోందే. రొమ్ము కాన్సర్ భయం ఒకటి. ఆంటీకి పట్టీ ఒక్కటే ఇచ్చారట, ఆవిడకి ఏ మాత్రా లేదు. 'నేను బాగానే ఉన్నాగా, ఆ మాత్ర పారెయ్, పట్టీ ఉంచుకో' అన్నారు. మానేసి చాన్నాళ్ళయింది."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆంటీకి ముప్పై అయిదు నిండకముందే విజయవాడలో గర్భసంచి తీసేశారు. కోస్తాలో అప్పట్లో కడుపునొప్పంటే చాలు, తీసిపారేసేవారు. ఈ సంగతి ఆవిడే కాఫీలు తాగుతూ వందసార్లు చెప్పింది, మేమంతా వందసార్లు విన్నాం. లేని గర్భసంచికి కాపలా మాత్ర ఎందుకిస్తారు? అదే వైద్యం ఉన్న మనిషికి అంటగట్టడమేమిటి? డాక్టరు చెప్పింది గాలికి పోయింది, ఆంటీ నోటిమాట వేదమయింది. మనవాళ్ళ తీరే అంత. పచ్చడి కొలతలు చెప్పినట్టు మందుల కొలతలు చెబుతారు.

"లే వదినా. పోదాం పద."

"హారతి అవనీయవే. మధ్యలో లేచిపోతే ఏమనుకుంటారు?"

"అనుకోనీ!" అని చెయ్యి పట్టుకుని హాలు మధ్యలోంచే నడిపించుకొచ్చాను. చీర కుచ్చెళ్ళు సర్దుకుని పక్కకు ఒదిగినవాళ్ళను చూస్తే రోత పుట్టింది. మా అన్నయ్య వాకిట్లో మగవాళ్ళతో క్రికెట్ మాట్లాడుతున్నాడు. సంగతి చెబితే "ఆడవాళ్ళ విషయాలు నాకెందుకులే" అన్నాడు. అన్న కాబట్టి ఊరుకున్నాను.

జీపీ తొందరగా ఆసుపత్రికి పంపింది. స్కాన్ చేశారు, లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా వదిన ఇంట్లో కుక్కర్ కూతకు కూడా ఉలిక్కిపడేది. కూతురు "మమ్, యూ ఓకే?" అంటే తల ఊపేది. నాకు అన్నం సయించలేదు.

చివరికి పిలిచి చెప్పారు. కాన్సర్ కాదు. కానీ పొర బాగా పెరిగింది, కణాలు మారడం మొదలుపెట్టాయి, ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. దాన్ని వెనక్కి తెచ్చేందుకు గట్టి మోతాదులో, వదిన మానేసిన అదే రకం మాత్రలు రాశారు, మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు.

కార్లో కూర్చున్నాం. ఆంటీ ఫోన్ చేసింది. వదిన స్పీకర్లో పెట్టి, స్కాను నుంచి ముక్క తీసి చూడడం దాకా, ఒక్కటీ వదలకుండా చెప్పింది.

"అయ్యో తల్లీ," అంది ఆంటీ. "అవునుగానీ, ఆరోజు నువ్వు నా వ్రతం పీటల దగ్గరికేమీ రాలేదు కదా?"

వదిన నావైపు చూసింది. మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. జారవిడిచిన ఆ పులిహోర మళ్ళీ ఎదురుగా పెట్టినట్టు ముక్కు ముడుచుకుంది, అంతే. ఫోన్ పెట్టేసింది.

"ఫార్మసీ దగ్గర ఆపవే," అంది. "నా మాత్రలు తీసుకోవాలి."