బేస్‌మెంట్ గదీ, క్వేకర్ల వాదనా

ముందే ఒప్పేసుకుంటాను, నా నోట్లో ఏదీ ఉన్న సైజులో ఉండదు. జల్లు తుఫానవుతుంది, పిల్లి పులవుతుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కూడా అనుమానంగానే వింటుంది. మీరూ అలాగే చదవండి.

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో స్టూడెంట్లు విమానాలకు విమానాలే దిగుతున్న రోజులవి. గది దొరకడం కంటే శాశ్వత నివాసానికి పీఆర్ కార్డు దొరకడం తేలిక. అప్పట్లో నేను మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌కు సెక్రటరీని. ప్రెసిడెంటు గారు నెల్లూరు వైపు బాప్టిస్టు. ఆయన గొంతెత్తితే పక్కవీధి ఇళ్ల కప్పుల మీది మంచు జారిపడేది. ఆయన దృష్టిలో నీళ్లలో నిండా మునిగితేనే బాప్తిస్మం. చంటితనంలో నెత్తిన నీళ్లు చిలకరించడం ముఖం కడుక్కోవడానికైనా చాలదు. అలాంటివాళ్లకు ప్రభువు బల్లలో రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు.

ఆయన బేస్‌మెంట్‌లో గుంటూరు అమ్మాయి ఒకతి అద్దెకుండేది. కాలేజీలో చదువు, వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్. లూథరన్ల పిల్ల కాబట్టి చిలకరింపు బాప్తిస్మమే. మళ్లీ మునగాలి, లేదంటే నెలాఖరుకు గది ఖాళీ చేయాలి అన్నారు ఆయన. నెల చూస్తే జనవరి. బయట మైనస్ అరవై.

సంగతిని ఫెలోషిప్ కమిటీ ముందు పెట్టారు. సంజాయిషీ ఇమ్మని పిలిస్తే ఆమె వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక, మేం అద్దెకు తీసుకున్న చర్చి కింది హాల్లో ఆరుగురం మడతకుర్చీలను సింహాసనాలు చేసుకుని కూర్చున్నాం. ఆమె చేతిలో కాలేజీ అసైన్‌మెంట్ ఉంది. తొలినాటి క్వేకర్ల మీద రాసిందట.

"వాళ్లెవరమ్మా?" అన్నారు ట్రెజరర్ గారు, కొత్తగా వచ్చిన షిఫ్ట్ సూపర్‌వైజర్ల గురించి అడిగినట్టు.

"ఇంగ్లండులో మూడు వందల యాభై ఏళ్ల కిందటి క్రైస్తవులు, అంకుల్. పాస్టర్ లేకుండా మౌనంగా కూర్చుని ఆరాధించేవాళ్లు. రాజుగారి చర్చికి రామన్నారని జైల్లో వేశారు. బాప్టిస్టుల్ని కూడా వేశారు."

ప్రెసిడెంటు గారి కనుబొమ్మలు నడినెత్తి దాకా వెళ్లి తిరిగొచ్చాయి. "అయితే ఏంటంట?"

"మనస్సాక్షి మీద అధికారం దేవుడిదే అన్నారు. రాజు దాన్ని బలవంతపెడితే దేవుడి కుర్చీలో కూర్చున్నట్టే. జైలుకు భయపడి చర్చికొచ్చేవాడు భక్తుడు కాడు, వేషధారి. ఎవరి జోలికీ పోనివాళ్లని తరిమేస్తే దేశానికే నష్టం. ఇదంతా తమ కోసమే కాదు, తమతో పడని మిగతా ప్రొటెస్టెంట్ల కోసం కూడా అడిగారు."

వేషధారి అన్నచోట నా పెన్ను ఆగింది. నాదీ చిలకరింపే. సెక్రటరీ పదవి కోసం ఆయన చేతుల్లో మునిగి లేచినవాణ్ణి.

"నేను రాజును కాదమ్మా. నా ఇల్లు, నా ఇష్టం," అన్నారు ప్రెసిడెంటు గారు.

"గది చూపించినప్పుడు చేపలు వండొద్దన్నారు, షవర్ పది నిమిషాలే అన్నారు. బాప్తిస్మం మాట అనలేదు కదా అంకుల్. ఇప్పుడు గది కోసం మునిగితే అది బాప్తిస్మమా, రెంటల్ అగ్రిమెంటా?"

"రెండు సెమిస్టర్లకే నోరు బానే లేచింది," అన్నారు ట్రెజరర్ గారు.

ఆమె ఆయన వైపు తిరగలేదు. "ఈ హాలిచ్చిన చర్చివాళ్లూ చంటిపిల్లలకు చిలకరించేవాళ్లే. మనది సరైన బాప్తిస్మం కాదని ఏ ఆదివారమైనా తలుపు తాళం మార్చారా అంకుల్?"

అప్పుడు నేను పెన్ను కింద పెట్టి లేచాను. దెబ్బలు తిన్నన్నాళ్లూ స్వేచ్ఛ అడిగి, కుర్చీ దొరగ్గానే కర్ర అందుకునేవాళ్ల గురించి గంటన్నర దంచాను. ప్రెసిడెంటు గారు కుర్చీలో సగానికి సగం కుంగిపోయారు. అయినా ఓటింగ్‌లో అయిదుగురు ఆమెను ఖాళీ చేయమన్నారు. వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె మునగలేదు. నెలాఖరున రెండు సూట్‌కేసులతో టొరంటో నార్త్ యార్క్‌లో ఎవరింటి హాల్లోకో వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి మా ఊళ్లో ఆమె కాలేజీకి రానూపోనూ అయిదు గంటలు.

మిగతావన్నీ కాస్త కత్తిరించుకుంటే అడుగున నిజం దొరుకుతుంది. పూర్తిగా కల్పించింది నా ఉపన్యాసం. నేను లేవలేదు, నోరు విప్పలేదు. ఆ రోజు లేచినవి ఆరు చేతులు. మినిట్స్‌లో ఏకగ్రీవం అని రాసింది నేనే.